చిరాగ్ అలీ పక్కపక్కన పెట్టిన వాక్యాలు

మిత్రులారా, అస్సలాము అలైకుమ్, నమస్కారం.

అబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్ మీలో చాలామందికి తెలుసు. ఆ చిరాగ్ అలీ ఎవరంటే మాత్రం ముఖముఖాలు చూసుకుంటాం. ఆయన 1877లో ఉత్తరాది నుంచి వచ్చి హైదరాబాద్ ప్రధాని సాలార్ జంగ్ ప్రభుత్వంలో చేరిన ఉద్యోగి, ముస్లిం సంస్కర్త సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సహచరుడు. ముస్లిం రాజ్యాలు ఎన్నటికీ బాగుపడవని ఒక క్రైస్తవ మతాచార్యుడు రాస్తే, దానికి జవాబుగా 1883లో ఇంగ్లీషులో ఏకంగా ఒక గ్రంథమే ప్రచురించారు. షరీఅత్ పేరుతో నడుస్తున్న చట్టంలో అధికభాగం న్యాయపండితులు కూర్చినదే కాబట్టి మార్చుకోవచ్చన్నది ఆయన వాదం.

హదీసుల మీద, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించి చెప్పుకునే ఉల్లేఖనాల మీద ఆయనకు గట్టి సందేహాలుండేవి. ప్రవక్త (స) 632లో కన్నుమూశారు. హదీసులను ఏర్చికూర్చిన ఇమాం బుఖారీ మరణించింది 870లో. నడుమ ఎన్ని తరాలు గడిచాయో చూడండి. అందుకే ఆయన నేరుగా ఖుర్ఆన్ వైపే చూశారు.

బహుభార్యత్వం సంగతే తీసుకోండి. ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా (అధ్యాయం)లో 3వ వాక్యం నలుగురి వరకు అనుమతిస్తూనే, న్యాయం చేయలేమనే భయముంటే ఒక్కరితోనే సరిపెట్టుకోమంటుంది. అదే సూరా 129వ వాక్యం, మీరెంత కోరుకున్నా భార్యల మధ్య సమానంగా న్యాయం చేయలేరని తేల్చేస్తుంది. చిరాగ్ అలీ ఈ రెంటినీ కలిపి చదివారు. షరతు నెరవేరదని ఖుర్ఆనే చెబుతుంటే అనుమతి ఎక్కడ మిగిలింది? నేను మొదటిసారి అలా చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

హదీసు లేకపోతే నమాజులో ఎన్ని రకాతులో (నిలబడి, వంగి, సాష్టాంగపడే ఆవృతాలు) ఎలా తెలుస్తుందని ఉలమాలు, అంటే మతపండితులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 20వ శతాబ్దం తొలినాళ్లలో లాహోరులో అబ్దుల్లా చక్రాలవీ ‘అహ్లె ఖుర్ఆన్’ (ఖుర్ఆన్‌ వారు) పేరుతో నమాజు వివరాలను సైతం ఖుర్ఆన్ నుంచే రాబట్టాలని చూశారు. ఆ బాటలో నడిచినవారికే రోజుకు ఎన్ని నమాజులన్న దానిపై ఏకాభిప్రాయం కుదరలేదు. చిరాగ్ అలీ పట్టు ఆరాధన మీద కాదు. పెళ్లి, విడాకులు, బానిసత్వం, యుద్ధం మీద. నా మనసు ఆయన వైపే మొగ్గుతుంది. అన్యాయం నిత్యం జరిగేది అక్కడే.

బానిసత్వం గురించి ఆయన చూపింది 47వ సూరా 4వ వాక్యం. యుద్ధఖైదీలను ఉదారంగా వదిలేయండి, లేదా పరిహారం తీసుకుని వదిలేయండి అంటుంది. బానిసగా ఉంచుకోవడమనే మూడో దారి ఆ వాక్యంలో లేదు.