షార్ట్స్ వ్యూస్ పడిపోయాయా? డిలీట్ జోలికి మాత్రం పోకండి

హోస్ట్: యూట్యూబ్ షార్ట్స్‌కి మొన్నటిదాకా రోజుకు ఇరవై వేల వ్యూస్. పొద్దున లేచి చూస్తే రెండు వేలు. అందరి నోటా వచ్చే మొదటి మాట, "నా చానెల్‌ని తొక్కేశారు" అని.

ఎడిటర్: ఆ మాట కాసేపు పక్కన పెడదామండి. ముందు పడింది ఏ అంకె? 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో ప్లే అవడం మొదలైతే చాలు, ఒక వ్యూ. అయిపోయి మళ్ళీ మొదటికొస్తే ఇంకో వ్యూ. కొన్ని సెకన్లైనా ఆగి చూస్తేనే వ్యూ అనే పాత పద్ధతి లెక్కకి ఇప్పుడు 'ఎంగేజ్డ్ వ్యూస్' అని పేరు. డబ్బులు వచ్చేది దాని మీదే. పార్ట్‌నర్ ప్రోగ్రామ్, అంటే యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా ఇచ్చే పథకం కోసం 90 రోజుల్లో కోటి వ్యూస్ అని చూసేదీ అదే. పైకి కనిపించే వ్యూస్ తగ్గి ఎంగేజ్డ్ అలాగే ఉంటే, పోయింది పొట్టు, గింజలు కాదు.

హోస్ట్: అదెక్కడ చూడాలి?

ఎడిటర్: చానెల్ నడిపేవాళ్ళు వాడే యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్, అందులో కంటెంట్, అందులో షార్ట్స్. కంప్యూటర్ ఉంటే అడ్వాన్స్‌డ్ మోడ్ తెరిచి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోండి. ఈ 28 రోజుల్ని అంతకు ముందు 28 రోజులతో పోల్చండి. గ్రాఫ్ చివర ఒకటి రెండు రోజుల గీత చూసి కంగారు పడొద్దు, అంకెలు అప్పటికి పూర్తిగా చేరి ఉండవు.

హోస్ట్: రెండూ పడ్డాయనుకోండి.

ఎడిటర్: అప్పుడు కాగితం తీయండి. పాతవి ఒక పది షార్ట్స్, కొత్తవి ఒక పది. ఒక్కోదానికి మొదటి ఏడు రోజుల్లో వచ్చిన వ్యూస్ రాసి, చిన్నది నుంచి పెద్దదాకా పేర్చి, మధ్యలో పడే అంకె చూడండి. రెండు వరుసల్లోనూ దాదాపు అదే వస్తే మీ చానెల్ బాగానే ఉంది. ఒక వీడియో బాగా ఆడింది, ఇప్పుడు దాని ఆట అయిపోయింది, అంతే. ఎక్కువసార్లు తేలేది ఇదే. సగటు మాత్రం తీయొద్దు, ఆ ఒక్క పెద్ద వీడియో లెక్కంతా పాడుచేస్తుంది.

హోస్ట్: మధ్య అంకె కూడా సగానికి పడితే?

ఎడిటర్: స్టూడియోలో మీ వీడియోలుండే కంటెంట్ జాబితాలో 'రిస్ట్రిక్షన్స్' అని ఒక వరుస ఉంటుంది. కాపీరైట్, వయసు పరిమితి, 'మేడ్ ఫర్ కిడ్స్' (పిల్లల వీడియో అన్న గుర్తు), ఏమైనా పడితే అక్కడే తెలుస్తుంది. మనవాళ్ళు ఎక్కువగా దొరికిపోయేది సినిమా పాటతో. 2024 అక్టోబర్ 15 నుంచి షార్ట్ మూడు నిమిషాల దాకా పెట్టొచ్చు కదా అని 75 సెకన్ల వీడియోకి పాట తగిలిస్తారు. నిమిషం దాటిన షార్ట్‌కి కంటెంట్ ఐడీ క్లెయిమ్, అంటే ఆ పాట మాదని హక్కుదారు తరఫున యూట్యూబ్ వ్యవస్థ పట్టుకున్న గుర్తు, ఉంటే ప్రపంచమంతటా బ్లాక్. వ్యూస్ తగ్గడం కాదు, అక్కడితో ఆగిపోతాయి. క్లెయిమ్ వివరాల్లోకి వెళ్ళి ఆ ముక్క కత్తిరించొచ్చు, పాట మార్చొచ్చు, లేదా పాట ఒక్కటే మ్యూట్ చేయొచ్చు.

హోస్ట్: అక్కడా ఏమీ లేదు.

ఎడిటర్: అయితే తప్పు వీడియోలోనే ఉంది. ఆగి చూసినవాళ్ళు ఎంతమంది, స్వైప్ చేసి వెళ్ళినవాళ్ళు ఎంతమంది అన్న శాతం తీయండి. బయట చెప్పే ఏదో "మంచి శాతం"తో కాదు, మీ పాత వీడియోలతోనే పోల్చుకోండి. ఆగేవాళ్ళు తగ్గితే మొదటి రెండు సెకన్లలో లోపం. ఆగి, మధ్యలో పోతుంటే ఏ సెకనుకి ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ చెబుతుంది.

ఉదాహరణకి 40 సెకన్ల గోంగూర పచ్చడి. మొదట మూడు సెకన్లు లోగో, తర్వాత "హాయ్ ఫ్రెండ్స్, ఈరోజు మనం". గీత అక్కడే జారిపోతుంది. దాన్ని కోసేసి, కాగిన నూనెలో ఎండుమిర్చి చుయ్యిమనే చోట మొదలుపెట్టండి. ఉప్పు, కారం కొలతలు తెర అడుగున రాస్తే టైటిల్ కింద దాక్కుంటాయి, వాటిని పైకి జరపండి. "లైక్ చేయండి, షేర్ చేయండి" అని చివర ఆరు సెకన్లు సాగదీయకుండా, ముద్ద కలపడంతో ఆపేస్తే మళ్ళీ నూనె చప్పుడుతో అతుక్కుంటుంది. చూసిన సగటు శాతం వంద దాటేది ఇలాంటి వీడియోలకే.

హోస్ట్: తీసేసి మళ్ళీ పెడితే?

ఎడిటర్: వద్దు. ఆ వీడియోకి సెర్చ్ నుంచి వచ్చేవాళ్ళూ పోతారు, కామెంట్లూ పోతాయి. బాగోని వీడియో రెండోసారి పెట్టినా బాగోనిదే. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఐదారు వీడియోలకి ఆరంభం మాత్రమే మార్చి చూడండి. ఆరంభం, నిడివి, పాట, పెట్టే వేళ అన్నీ ఒకేసారి మారిస్తే దేని వల్ల లేచిందో తెలీదు. "సరిగ్గా 7:10కి పెట్టాలి" లాంటి చిట్కాల మీద నాకైతే నమ్మకం లేదు.

హోస్ట్: రీల్స్ వాళ్ళకి?

ఎడిటర్: ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో 'అకౌంట్ స్టేటస్' చూడండి. మీ పోస్టులు కొత్తవాళ్ళకి సిఫారసు అవుతున్నాయో లేదో అక్కడే ఉంటుంది. వేరే యాప్ వాటర్‌మార్క్ ఉన్న వీడియో అలాగే ఎక్కించొద్దు, ఎడిటింగ్‌లోంచి శుభ్రమైన ఫైల్ తీసి పెట్టండి.

హోస్ట్: చివరిగా ఒకటి. లోగో మొదట వద్దన్నారు, మరి ఎక్కడ పెట్టాలి?

ఎడిటర్: చివర పెడితే లూప్, అంటే వీడియో ముగింపు మళ్ళీ మొదటితో అతుక్కోవడం, తెగుతుంది. పై మూలలో చిన్నగా ఉంచండి. కుడివైపు కింద మాత్రం వద్దు, లైక్ బటన్ వెనక్కి పోతుంది.