లెక్కలోకి రాని పరుగులు: మన జాతీయ స్ప్రింట్ రికార్డుల చరిత్ర

జిల్లా మీట్లలో టైమ్‌కీపర్లుగా, రికార్డర్లుగా నిలబడే పీఈటీలందరికీ నమస్కారం.

జాతీయ స్ప్రింట్ పోటీల చరిత్ర అంటే విజేతల పేర్లు చదివేయొచ్చు. నేను మాత్రం పుస్తకానికెక్కని పరుగుల సంగతి చెబుతాను. వాటిలో పరిగెత్తినవాళ్ల లోపం ఏమీ లేదు.

మన విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతినే చూడండి. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03కే గీత దాటింది. రికార్డు దక్కలేదు. డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య ప్రతినిధి అక్కడ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09 పరిగెత్తింది. ఈసారి వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లు, పరిమితి 2.0. అదీ పోయింది. మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు చేతికొచ్చింది. పోయిన రెండు పరుగులూ దీనికన్నా వేగమైనవే! అక్టోబరులో జాతీయ క్రీడల్లో 12.79 వస్తే గాలి 2.5 ఉంది. అదే నెల బెంగళూరు నేషనల్ ఓపెన్‌లో 0.9 గాలితో 12.82 నిలిచింది.

ఆ 0.1 ఎక్కడ పుడుతుందో చూద్దాం. గాలి వేగాన్ని కొలిచే విండ్ గేజ్‌ను ఫినిష్ గీతకు 50 మీటర్ల దూరంలో, మొదటి లేన్ పక్కన, ట్రాక్‌కు 2 మీటర్లలోపు, 1.22 మీటర్ల ఎత్తున పెట్టాలి. 100 మీటర్లకు గన్ పేలినప్పటి నుంచి 10 సెకన్లు కొలవాలి, ఈ హర్డిల్స్‌కైతే 13. 200 మీటర్లలో ముందున్నవాళ్లు స్ట్రెయిట్‌లోకి వచ్చాక 10. వెనకగాలి రీడింగ్ 2.03 వచ్చినా పైకి సవరించి 2.1 అనే రాస్తాం. గేజ్‌కు అడ్డంగా మనుషులు నిలబడితే రీడింగే తప్పుతుంది. ఆ చోటు ఖాళీ చేయించడం మన పని.

గడియారం గొడవ ఇంకా పాతది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మిల్ఖా సింగ్ 400 మీటర్లు చేతి గడియారంలో 45.6, ఎలక్ట్రానిక్‌లో 45.73. 1998లో కోల్‌కతాలో పరమ్‌జీత్ సింగ్ 45.70 పరిగెత్తాడు. ఒక అంకెతో పోలిస్తే రికార్డు, రెండోదానితో పోలిస్తే కాదు. ఎలక్ట్రానిక్‌ను ఎలక్ట్రానిక్‌తోనే పోల్చాలి, అప్పటికి పరమ్‌జీత్‌దే రికార్డు అన్నది నా అభిప్రాయం.

చేతి గడియారం తక్కువ సమయం చూపించడానికి కారణం మన వేలే. గన్ పొగ చూశాక గానీ నొక్కలేం, ముగింపులోనేమో మనిషి వస్తున్నాడని ముందే సిద్ధంగా ఉంటాం. చప్పుడు విని నొక్కితే ఇంకా ఘోరం. 100 మీటర్ల దూరం రావడానికి ధ్వనికి దాదాపు 0.3 సెకను పడుతుంది. అందుకే పొగనో మెరుపునో చూసే నొక్కాలి. మూడు గడియారాల్లో రెండు కలిస్తే అదే సమయం, మూడూ వేరైతే మధ్యది. 10.92 వస్తే 11.0 అని రాయాలి.

ఆ 11.0కి 0.24 కలిపి 11.24 అని ఫలితాల షీటులో రాయకండి. అది చేతి సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చుకోవడానికి వాడే అంచనా మాత్రమే. చేతి సమయానికి ఒక్క దశాంశమే రాయండి, పక్కన గాలి రీడింగ్ వేయండి. గేజ్ లేకపోతే లేదనే రాయండి.