ఆగస్టులో అప్పు, నవంబరులో పండు: ఉత్తరాంధ్ర మన్యంలో మహిళా సంఘం వ్యాపారం ఎక్కడ మొదలవ్వాలి

పాడేరు, అరకు, జి.మాడుగుల, ముంచంగిపుట్టు వైపు ఏ సంఘాన్ని అడిగినా మొదట ఒకటే మాట చెబుతారు: "ధర రావడం లేదండీ." నిజమే. కానీ ధర దగ్గర మొదలుపెడితే ఈ సమస్య ముడి విడదు. ముడి పడేది ఆగస్టులో.

ఆగస్టులో కొండ మీద పరిస్థితి చూడండి. కాఫీ కాయ ఇంకా పచ్చిగానే ఉంటుంది. పసుపు భూమిలో ఉంటుంది. చింతపండు డబ్బులు ఎప్పుడో ఖర్చయిపోయాయి. పిల్లల బడి ఖర్చులు, జ్వరాలు, బియ్యం, అన్నీ అప్పుడే మీద పడతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే షావుకారు ఇంటికొచ్చి 5,000 రూపాయలు చేతిలో పెడతాడు. కాగితం ఉండదు, వడ్డీ మాట ఉండదు. "పంట నాకే ఇవ్వాలి" అన్న ఒక్క మాట మాత్రం ఉంటుంది. నవంబరులో సంఘం తక్కెడ పట్టుకుని కొనడానికి వెళ్లేసరికి ఆ పండు మూడు నెలల క్రితమే అమ్ముడైపోయి ఉంటుంది. అందుకే ఎన్నో యూనిట్లలో మెషీన్ ఉంటుంది, షెడ్డు ఉంటుంది, సరుకు మాత్రం ఉండదు.

కాబట్టి సంఘం వ్యాపారం నవంబరులో కాదు, ఆగస్టులో మొదలవ్వాలి. ఎలాగో చెబుతాం. దానికి ముందు కాఫీ లెక్క చూద్దాం. ఈ లెక్క తెలియకుండా అడ్వాన్స్ ఇస్తే సంఘం మునుగుతుంది.

ఇక్కడ పండేది ఎక్కువగా అరబికా. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పెరుగుతుంది. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రైతు కోసేది ఎర్రటి పండు. దాని తొక్క తీసి, కడిగి, ఎండబెడితే వచ్చేది పార్చ్‌మెంట్, అంటే పైన పలచటి పొట్టు ఉన్న గింజ. ఆ పొట్టు కూడా తీస్తే క్లీన్ కాఫీ. 1,000 కిలోల పండుకు దాదాపు 200 కిలోల ఎండిన పార్చ్‌మెంట్, అందులోంచి 160 నుంచి 170 కిలోల క్లీన్ కాఫీ వస్తాయి.

లెక్క కోసం పండు కిలో 50 రూపాయలు అనుకుందాం. టన్నుకు 50,000. దాన్ని 200తో భాగిస్తే పార్చ్‌మెంట్ కిలోకు పండు ఖర్చే 250. దీనికి కూలి కలపాలి. ఇద్దరు మహిళలు పది రోజులు ఆరబెట్టారనుకోండి, 20 పనిదినాలు. రోజుకు 300 చొప్పున 6,000, అంటే కిలోకు మరో 30. బస్తాలు, రవాణా ఇంకా కలవనే లేదు, అప్పుడే 280 అయింది. చాలా సంఘాలు 50కి కొన్న పండును పార్చ్‌మెంట్‌గా 270కి అమ్మి, "అయిదు రెట్లు ధర వచ్చింది" అని సంబరపడతాయి. వాళ్లు నిజంగా కిలోకు పది రూపాయలు పోగొట్టుకున్నారు. సొంత కష్టానికి కూలి కట్టుకోకపోవడం వల్లే ఈ నష్టం కళ్లకు కనబడదు. సంఘం పుస్తకంలో సభ్యుల కూలి తప్పకుండా రాయండి, అప్పటికప్పుడు డబ్బు ఇవ్వలేకపోయినా సరే.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. పండు వచ్చిన వెంటనే నీళ్ల తొట్టిలో పోయండి. పైకి తేలినవి తాలు, పురుగు తిన్నవి. వాటిని తీసి విడిగా ఎండబెట్టాలి. మునిగినవి మాత్రమే పల్పర్‌లోకి, అంటే తొక్క తీసే మెషీన్‌లోకి వెళ్లాలి. కోసిన రోజే తొక్క తీయాలి, రాత్రి గోనెలో నిలవ ఉంచితే పండు వేడెక్కి పులుస్తుంది. ఆ పులుపు వాసన తర్వాత ఎంత కడిగినా గింజను వదలదు.

పల్పర్ సందు సరిచేయడమే అసలు పనితనం. సందు మరీ బిగిస్తే గింజ చిట్లుతుంది. చిట్లిన చోట ఎండాక నల్లబడుతుంది, కొనేవాడు దాన్నే ఏరి ధర తగ్గిస్తాడు. సందు ఎక్కువైతే తొక్క పోని పండ్లు గింజలతో పాటు కిందికి జారతాయి. రోజూ పొద్దున ముందు అయిదు కిలోలే వేసి, కిందికి వచ్చినవి అరచేతిలో పోసుకుని చూడండి. గింజ మీద గోరు గీత లాంటి గాయాలు కనిపిస్తే మెషీన్ ఆపి సందు వదులు చేయండి. సీజన్ మొదట్లో పండు చిన్నగా ఉంటే ఒక సర్దుబాటు, నడిమధ్యలో పండు లావయ్యాక మరో సర్దుబాటు కావాలి. మెషీన్ బిగించిన మెకానిక్ ఒక్కసారి సరిచేసి వెళ్లిపోతే సరిపోదు. సంఘంలో ఇద్దరికైనా ఆ పని రావాలి.

తొక్క తీసిన గింజ మీద జిగురు ఉంటుంది. తొట్టిలో 24 నుంచి 36 గంటలు పులియనిస్తే అది విడుతుంది. చలి ఎక్కువ ఉన్న రోజుల్లో ఇంకా ఆలస్యం అవుతుంది, కాబట్టి గడియారం ఒక్కటే చూడకండి. గుప్పెడు గింజలు తీసి నీళ్లలో నలిపితే జారుడు పోయి గులకరాళ్లలా గరగరమనాలి. అప్పుడే కడగాలి. కడిగిన నీళ్లు, తొక్క తిన్నగా గెడ్డలోకి వదలకండి. కింది ఊరు తాగేది ఆ నీళ్లే. పక్కన గుంట తవ్వి అందులో నింపండి. తొక్కను కుళ్లబెడితే తోటకు ఎరువవుతుంది.

అందరూ తప్పుగా అంచనా వేసేది ఆరబెట్టే చోటు. టన్ను పండుకు 450 కిలోల దాకా తడి పార్చ్‌మెంట్ వస్తుంది. చదరపు మీటరుకు 20 నుంచి 25 కిలోలకు మించి పోయకూడదు, అంటే టన్ను పండుకు 20 చదరపు మీటర్ల బల్ల కావాలి. ఎండడానికి ఎనిమిది నుంచి పది రోజులు. రోజూ టన్ను కొంటే పదో రోజుకు మీకు 200 చదరపు మీటర్ల బల్లలు ఉండాలి. 40 చదరపు మీటర్ల బల్లలు కట్టి గంటకు టన్ను తొక్క తీసే మెషీన్ కొంటే, మూడో రోజుకే గింజ కుప్పలుగా పడి బూజు పడుతుంది. ముందు బల్లలు లెక్కపెట్టి ఆ తర్వాత మెషీన్ సైజు నిర్ణయించండి.

బల్ల నడుము ఎత్తున ఉండాలి, మీద నెట్ పరవాలి, కింద నుంచి గాలి ఆడాలి. రోజుకు నాలుగైదు సార్లు తిరగేయాలి. మిట్టమధ్యాహ్నం తిరగేయకపోతే పార్చ్‌మెంట్ పగులుతుంది. సాయంత్రం దగ్గరకు లాగి ముందు గోనె, దానిపైన టార్పాలిన్ కప్పాలి. ప్లాస్టిక్ ఒక్కటే కప్పితే లోపల చెమ్మ పట్టి, పగలు ఎండిన గింజ రాత్రి మళ్లీ తడుస్తుంది. డిసెంబరు మంచులో ఇది చాలా సాధారణం. తేమ 10 నుంచి 11 శాతానికి దిగాలి. మీటర్ లేకపోతే ఒకే డబ్బాతో, ఒకే రకంగా కొలిచి రోజూ తూచండి. వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే ఎండినట్టే.

తూకం మాట వచ్చింది కాబట్టి. తూనికలు కొలతల శాఖ ఏటా ముద్ర వేసిన ఎలక్ట్రానిక్ కాటా సంఘానికి మొదటి ఆస్తి కావాలి, పల్పర్ తర్వాత సంగతి. రైతు ఇంటి దగ్గరే తూచి చీటీ రాసివ్వండి. ఆ చీటీ ఉంటే సంతలో కుంచాలతో కొలిచేవాడి మాట చెల్లదు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో లెక్క వాళ్ల భాషలోనే చదివి వినిపించండి. తెలుగులో రాసిన పుస్తకం చూపించి వేలిముద్ర వేయించుకుంటే నమ్మకం రాదు.

చింతపండు, పసుపు గురించి క్లుప్తంగా. తొక్క తీసిన చింతపండు 100 కిలోలకు పిక్క, ఈనెలు పోగా 55 నుంచి 60 కిలోల గుజ్జు మిగులుతుంది. పిక్క పారేయకండి, బట్టల మిల్లుల గంజి పొడికి అది పోతుంది. గుజ్జు వానాకాలం కొండ మీద ఉంచితే నల్లబడి జారుతుంది, జూన్ లోపే కోల్డ్ స్టోరేజీకి దింపాలి లేదా అమ్మేయాలి. పసుపు అయితే ఉడికించడంలోనే దెబ్బతింటోంది. పెద్ద దుంప, చిన్న కొమ్ము ఒకే డ్రమ్ములో వేస్తే ఒకటి పచ్చి, ఒకటి మెత్తన. వేరు చేసి, పుల్ల గుచ్చితే సులువుగా దిగేదాకా ఉడికించండి.

ఇక డబ్బు. గిరిజన సంఘాలు అటవీ సరుకుకు విలువ పెంచి అమ్ముకోవడానికి పెట్టిన వన్‌ధన్ పథకం 2018లో మొదలైంది. దాని కింద 20 మంది చొప్పున 15 సంఘాలు, అంటే 300 మంది, ఒక కేంద్రం అవుతారు. కేంద్రానికి 15 లక్షల దాకా వస్తుంది. ఇందులో ఎక్కువ భాగం పరికరాలకు పోతే సరుకు కొనడానికి చేతిలో ఏమీ మిగలదు. 2020లో వచ్చిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో యంత్రాల ఖర్చులో 35 శాతం, వ్యక్తిగత యూనిట్‌కు 10 లక్షల వరకు సబ్సిడీ ఉంది, 10 శాతం మన వాటా. ఆ సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులో మూడేళ్లు ఉండి, వాయిదాలు సరిగా కడితే అప్పులో సర్దుబాటు అవుతుంది. మెషీన్ డీలర్ "సగం ఫ్రీ" అంటే నమ్మకండి. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా రిసోర్స్ పర్సన్‌ను అడిగాకే కొటేషన్ తెప్పించండి. ఆ పథకంలోనే ఆహార వ్యాపారం చేసే సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం ఇచ్చే భాగం ఉంది, మన్యానికి యంత్రాల సబ్సిడీ కన్నా అదే ముఖ్యం. మైదానం నుంచి వచ్చిన భాగస్వామి సభ్యురాలి పేరు మీద స్థలం కొని షెడ్డు కడతానంటే ఒప్పుకోకండి. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకుండా ఆపే 1/70 చట్టం కింద అది బినామీ కేసు అవుతుంది, ఇరుక్కునేది ఆమె.

ప్యాకెట్ చేసి అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు, తయారీదారు చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, పన్నులతో కలిపి గరిష్ఠ ధర ప్యాకెట్ మీద ఉండాలి. వేయించిన కాఫీని వెంటనే సీల్ చేస్తే గ్యాస్‌కు ప్యాకెట్ ఉబ్బుతుంది, ఒక రోజు ఆగి వాల్వ్ ఉన్న సంచిలో నింపాలి. కానీ మొదటి రెండేళ్లు బ్రాండ్ జోలికి వెళ్లొద్దనే మా సలహా. అరకు పేరుతో పారిస్‌లో 2017లో కాఫీ దుకాణం తెరిచారంటే, దాని వెనుక ఏళ్ల తరబడి తోటల్లో ఎర్రపండు మాత్రమే ఏరించిన శ్రమ ఉంది. ముందు శుభ్రమైన పార్చ్‌మెంట్ చేసి, 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ధర, బయటి ఇద్దరు కొనుగోలుదారుల ధర పక్కపక్కన పెట్టి అమ్మండి.

ఇప్పుడు ఆగస్టు సంగతి. ఫిబ్రవరిలో డబ్బు వచ్చినప్పుడు, పంచుకునే ముందే, కొన్న ప్రతి కిలో పండుకు అయిదు రూపాయలు పక్కన పెట్టండి. అయిదు టన్నులు కొంటే 25,000. దాన్ని వేరే ఖాతాలో వేసి ముగ్గురి సంతకం పెట్టండి. జూలై ఆఖరులో సమావేశం పెట్టి, ఎవరింట్లో బియ్యం అయిపోయాయో అడిగి, అయిదు కుటుంబాలకు 5,000 చొప్పున ఇవ్వండి. షావుకారిలా మాట మీద కాకుండా, రాసుకుని ఇవ్వండి: నవంబరులో ఆ రోజు ధరకే తూచి, బాకీని మూడు విడతల్లో తగ్గించుకుంటామని. మొదటి విడతలోనే బాకీ మొత్తం పట్టుకుంటే రెండో కోత పండు మళ్లీ సంతకే పోతుంది. 25,000 చాలకపోతే మిగతాది మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి జూన్‌లోనే అడగండి, ఆగస్టులో అడిగితే వచ్చేసరికి దసరా అవుతుంది.