మన వంశవృక్షం ఆన్‌లైన్‌లో పెట్టే ముందు

(తెర మీద: పాత ఇత్తడి బిందె అంచు, బాగా దగ్గరగా)

నమస్తే. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు మూడు పేర్లు అడుగుతారు. తండ్రి, తాత, ముత్తాత. మా బాపు మొదటి రెండూ టకటకా చెప్పేవాడు. మూడోది వచ్చేసరికి నాయనమ్మ వైపు చూసేవాడు. నాయనమ్మ కాలం చేశాక వచ్చిన పెత్రమాసకు ఎవరి వైపు చూడాలో తెలియక ఆగిపోయాడు. ఆ రోజు రాత్రే నేను నోట్‌బుక్ తీసి మా ఇంటి పేరు రాసి, కింద గీతలు గీయడం మొదలుపెట్టాను.

మాది పరకాల వైపు. మగ్గం ఇల్లు. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు 1934లో వచ్చింది. సోలాపూర్‌లో అయితే 1877లోనే మిల్లు ఉంది. అందుకే మన దగ్గరి నేత కుటుంబాలు ఎన్నో సోలాపూర్‌కు, ఆ తర్వాత భీవండికి, సూరత్‌కు పోయాయి. మా ముత్తాత అన్న కూడా అట్లనే పోయాడని నాయనమ్మ చెప్పేది. పోయినవాళ్ల పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో ఇక్కడ ఎవరికీ తెలియదు. అలాంటివాళ్లను వెతకాలంటే ఆన్‌లైనే దారి.

(తెర మీద: నోట్‌బుక్‌లో గీసిన వంశవృక్షం)

ఫ్యామిలీసెర్చ్, వికీట్రీ అనే వెబ్‌సైట్లు రెండూ ఉచితం. రెండింటిలోనూ లోకమంతటికీ కలిపి ఒకే చెట్టు ఉంటుంది. మీరు పెట్టిన మనిషి వివరాలను ఇంకొకరు మార్చవచ్చు. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు అనుకుంటే గ్రాంప్స్ అనే ఉచిత ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లోనే పెట్టుకోవచ్చు. నా సలహా, ముందు గ్రాంప్స్‌లో రాసుకోండి. పక్కాగా తెలిసిన కొమ్మను మాత్రమే బయట పెట్టండి. జెడ్‌కామ్ అనే ఫైల్‌గా ఒక కాపీ దాచుకోండి. వంశవృక్షం ప్రోగ్రాంలు దాదాపు అన్నీ ఆ ఫైల్‌ను చదువుతాయి.

పేర్లు తెలుగులోనే రాసి, పక్కన ఇంగ్లీష్ స్పెల్లింగులు ఎన్ని తోస్తే అన్ని ఇవ్వండి. సోలాపూర్‌లో మన ఇంటి పేరును ముందు మరాఠీలో రాస్తారు, అక్కడి నుంచి ఇంగ్లీష్‌లోకి వస్తుంది. మనకు 'త' ఉన్నచోట వాళ్ల స్పెల్లింగ్ వేరేగా ఉండొచ్చు. ఊరికి జిల్లా రాసేటప్పుడూ జాగ్రత్త. పరకాల 2016 దాకా వరంగల్ జిల్లా, తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ. ములుగు అయితే వరంగల్ నుంచి భూపాలపల్లికి పోయి, 2019లో తానే జిల్లా అయింది. ఎనభై ఏళ్ల కింద ఊరు విడిచిన మనిషి మనవడికి ఇవేవీ తెలియవు. అతను వరంగల్ అనే వెతుకుతాడు. పాతదీ కొత్తదీ రెండూ రాయండి.

ఆడవాళ్లను పుట్టింటి పేరుతో రాయండి. మన ఇళ్లలో కోడలు వచ్చిన రోజే ఆ పేరు పోతుంది. సగం వంశం అక్కడే తెగిపోతుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఇప్పుడు నా తప్పు. మన దగ్గర తాత పేరు మనవడికి పెడతారు కదా. మా ఇంట్లో ఇద్దరు రాజయ్యలు. పెద్ద రాజయ్య ఒకరు, వరసకు ఆయన మనవడు ఇంకొకరు. నాకు ఇద్దరని తెలియదు. ఎవరో చెప్పిన ముక్క, పహాణీలో, అంటే భూమి రికార్డులో చూసిన పేరు కలిపి ఒక్క మనిషిని చేసి, 'బహుశా' అని కూడా రాయకుండా పెట్టేశాను. కొన్నాళ్లకు చూస్తే వేరే సైట్లలో ఎవరికి వారు పెట్టుకున్న ఇంకో మూడు చెట్లలో అదే తప్పు. నా దాంట్లోంచి ఎత్తి రాసుకున్నారు. అది చూసి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడే సోలాపూర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "మీరు రాసిన రాజయ్య గారు మా అమ్మమ్మ తండ్రి అవుతారు అనిపిస్తోంది, కానీ సంవత్సరాలు కుదరడం లేదు. ఈ ఫోటో ఒకసారి చూస్తారా?" అంతే. ఒక్క గట్టి మాట లేదు.

(తెర మీద: బిందె అంచు మీద చుక్కల అక్షరాలు)

ఆ ఫోటో ఇదే. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన బిందె. అంచు చుట్టూ ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. రాజయ్య పేరు, ఇంటి పేరు, మా ఊరి పేరు, చివర 1938. మా చిన్న రాజయ్య బడి కాగితంలో పుట్టిన సంవత్సరం 1931. ఏడేళ్ల పిల్లవాడు కూతురికి పెళ్లి చేయడు. అంటే బిందె మీది రాజయ్య పెద్దాయన. సోలాపూర్ వెళ్లిన మా ముత్తాత అన్న ఆయనే. నేను వెతుకుతున్న మనిషి నా చెట్టులోనే వేరొకరిలో కలిసిపోయి ఉన్నాడు.

అందుకే ప్రతి పేరు కింద ఎట్లా తెలిసిందో ఒక ముక్క రాయండి. 'నాయనమ్మ చెప్పింది', '1954–55 ఖాస్రా పహాణీలో ఉంది', 'ఊహ'. ఊహ అని రాయడంలో నామోషీ లేదు. నిజాం కాలం కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి. ఫసలీ 1340 అంటే మన 1930లో మొదలైన సంవత్సరం. ఉర్దూలో ఉన్న కాగితాన్ని చదివే పెద్దమనిషి దగ్గరికి తీసుకుపోండి, అంచనాతో రాయకండి.

బతికున్నవాళ్లను బయట పెట్టకండి. పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి పేరు లాంటివే బ్యాంకులు మనిషిని గుర్తుపట్టడానికి అడుగుతుంటాయి. పెళ్లి పత్రిక ఫోటో పెడితే ఫోన్ నంబర్లు మూసేయండి. దత్తత, మారు మనువు లాంటివి ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే రాయండి.

ఇక తెలియని బంధువులకు ఉత్తరం రాసే సంగతి. మన దగ్గర వంశవృక్షం అనగానే భూమి పంపకాలు గుర్తొస్తాయి. మా చిన్నాయనే "ఎందుకురా ఇప్పుడు ఇవన్నీ" అని పక్కకు తిరిగాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఆ అనుమానం ఇంకా ఎక్కువ. నేను ఇప్పుడు ఇట్లా రాస్తున్నాను.

(తెర మీద: ఫోన్‌లో మెసేజ్)

"నమస్తే అండీ. మాది పరకాల దగ్గర, నేత కుటుంబం. మీరు రాసిన ఫలానా ఆయన మా ముత్తాతకు అన్న అయి ఉండొచ్చు అనుకుంటున్నాను. నా దగ్గర ఉన్న కాగితం ఫోటో పంపిస్తున్నాను. ఆస్తులతో దీనికి సంబంధం లేదు. ఆయన భార్య ఏ ఊరి ఆడపడుచో మీకు తెలిస్తే చెప్పగలరా? తీరిక దొరికినప్పుడే."

ఒక్కటే ప్రశ్న. నా దగ్గరున్నది ముందు ఇచ్చాక. జవాబు రాకపోతే నెల ఆగి ఒక్కసారి గుర్తు చేస్తాను, మళ్లీ అడగను. వాళ్లు పంపిన ఫోటో వాడుకోవాలంటే అడిగి, వాళ్లు పంపారని రాస్తాను. తప్పు నాదని తేలాక నా చెట్టు సరిచేసి, ఆ మూడు చెట్ల వాళ్లకూ విడివిడిగా రాశాను. ఇద్దరు మార్చుకున్నారు. మూడో ఆయన దగ్గరి నుంచి ఇంకా జవాబు లేదు.

సోలాపూర్ నుంచి మెసేజ్ పెట్టిన ఆయన వరసకు నాకు అన్న అవుతాడు. ఇప్పుడు అన్నా అనే పిలుస్తున్నాను. పెద్ద రాజయ్య భార్య పుట్టింటి పేరు మా ఇద్దరికీ ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం.

మీ ఇంట్లో అటక మీద పాత బిందెలు, గంగాళాలు ఉంటే దించండి. గట్టిగా తోమకండి, చుక్కలు అరిగిపోతాయి. గది చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ను అంచుకు పక్క నుంచి, ఏటవాలుగా పట్టండి. ఒక్కో చుక్కకూ నీడ పడుతుంది, అక్షరాలు పైకి లేస్తాయి. ఆ లైటు అట్లనే పట్టుకొని ఇంకో ఫోన్‌తో ఫోటో తీయండి.

(తెర మీద: చీకటి గదిలో బిందె, పక్క నుంచి వెలుగు, మెల్లగా కనిపిస్తున్న ఇంటి పేరు)