పార్కింగ్ పైసలు ఫోన్‌ల కట్టాల్నా?

(నల్లగొండ స్టూడియో చర్చ నుంచి)

యాంకర్: నమస్కారం. గడియారం సెంటర్‌లో, ప్రకాశం బజార్‌లో బండి పెట్టే జాగ కోసం రోజూ లొల్లే. యాప్‌లో పైసలు కట్టి బండి పెట్టుకునే పద్ధతి మన దగ్గర కూడా రావాల్నా? అన్నా, మీది బట్టల దుకాణం. మీరు చెప్పండి.

వ్యాపారి: రావాలె. గట్టిగ చెప్తున్న. పొద్దుగాల దుకాణం ముందర కారు పెట్టి పోయినాయన మాపటిదాక తియ్యడు. నకిరేకల్ నుంచి పెండ్లిబట్టలకు వచ్చిన గిరాకీ, ఆపే తావు లేక ముందుకు పోతది. గంటకింత అని ఉంటే జాగ ఖాళీ అయితది. చీటీలు చింపే కాడ ఒకరికి పది, ఒకరికి ఇరవై అనుడు కూడా బందైతది.

యాంకర్: అమ్మా, మహిళా సంఘం తరఫున మీరేమంటారు?

సంఘం సభ్యురాలు: పైసలు కట్టమని ఎవ్వరంటలేరు సార్. మా ఊర్లల్ల చానామంది చేతుల బటన్ ఫోన్లే. దవాఖానకు పేషెంట్‌ను తోలుకొచ్చినోడు యాప్ దించుకోవాల్నా, ఓటీపీకి చూడాల్నా, లోపలికి ఉరకాల్నా? సిగ్నల్ రాకుంటే జుర్మానా ఎవరు కట్టాలె?

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్: అమ్మ అడిగిందే అసలు ప్రశ్న. యాప్ ఉండాలి, యాప్ ఒక్కటే ఉండొద్దు. బటన్ ఫోన్ నుంచి కాల్ చేసి కట్టే యూపీఐ 123పేను రిజర్వ్ బ్యాంక్ 2022 మార్చిలోనే తెచ్చింది. దాన్ని పార్కింగ్‌కు కలపొచ్చు. పక్కన నగదు తీసుకునే మనిషీ ఉండాలి. ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది, బండి నంబర్. మన జిల్లాలో ఒకే ఇంట్లో పాత స్కూటర్ ఏపీ 24, కారు టీఎస్ 05, 2024 మార్చి తర్వాత కొన్న బైకు టీజీ 05 ఉంటాయి. యాప్‌లో కారు నంబర్ ఎక్కించి ఉంటుంది. బైకు మీద వచ్చి చూసుకోకుండా నొక్కితే పైసలు కారు మీద పడతాయి, ఫైన్ బైకుకు వస్తుంది. అందుకే కట్టే ముందు నంబర్‌ను పెద్దగా చూపించి ‘ఈ బండేనా?’ అని తెలుగులో అడగాలి.

వ్యాపారి: ఒక క్యూఆర్ బోర్డు పెడితే అయిపాయె గద?

ఇంజినీర్: పెట్టొచ్చన్నా, కానీ దానికీ కాపలా కావాలి. అమెరికాలోని ఆస్టిన్‌లో 2022 జనవరిలో 29 పార్కింగ్ మెషీన్ల మీద దొంగ క్యూఆర్ స్టిక్కర్లు బయటపడ్డాయి. బోర్డు అంచు గోరుతో గీకి చూడండి. ఒకదాని మీద ఇంకోటి అతికించి ఉంటే స్కాన్ చేయొద్దు. పైసలు ఎవరి పేరున పోతాయో బోర్డు మీద రాసి ఉండాలి. పిన్ కొట్టకముందు ఫోన్‌లో అదే పేరు వచ్చిందా చూసుకోవాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సభ్యురాలు: మందుల షాపుల ఐదు నిమిషాల పనుంటే కూడా కట్టుమంటరా?

యాంకర్: మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట ఉచితమని 2018లో జీవో 63 వచ్చింది కదా...

ఇంజినీర్: బజార్లోనూ అదే లెక్క పెట్టాలి. ఆ అరగంటను యాప్ దానంతటదే తీసెయ్యాలి. మనం పోయి అడిగే పని ఉండొద్దు.

సభ్యురాలు: దవాఖాన కాడ అరగంట సాలదు సార్. ఓపీ లైన్ల నిలబడనీకే అంతకెక్కువ పడ్తది. ఓపీ చీటీ చూపిస్తే మొత్తం మాఫీ చెయ్యాలె.

వ్యాపారి: దానికి నేను కూడా ఒప్పుకుంట. మా దుకాణాల ముందర మాత్రం గంటల లెక్క ఖరాఖండిగ ఉండాలె.