వెనక వరస, కుడి చివర

శ్రోతలకు నమస్కారం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న చాలామంది ఇళ్ళలో ఒక గ్రూప్ ఫోటో ఉంటుంది. అట్ట మీద అంటించి, కింద పేర్లు అచ్చు వేసిన ఫోటో. 1970ల్లో, 80ల్లో అలాంటివి నేను చాలా తీశాను.

యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకి వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆ చరిత్ర చెప్పడానికి పెద్దలున్నారు. నేను బెంచీల ముందు నిలబడి చూసింది చెబుతాను.

గ్రూప్ ఫోటో అంటే ఆ రోజు పండగే. ఇస్త్రీ చొక్కాలు, హాస్టల్ మొత్తం తిరిగే ఒకే ఒక్క టై, ఆడపిల్లల జడల్లో కనకాంబరాలు. నాకు మాత్రం టెన్షన్. పొద్దున్నే సముద్రం వైపు మొహం పెట్టి నిలబెడితే ఎండకు అందరూ కళ్ళు చిట్లిస్తారు. అందుకని బిల్డింగ్ నీడ వెతికేవాణ్ణి. నీడలో వెలుతురు తక్కువ, షట్టర్ నెమ్మదిగా పడాలి. కాబట్టి ‘కదలకండి, కదలకండి’ అని అరవడమే నా పని. రోలుకి వచ్చేవి పన్నెండే ఫోటోలు. ఒక్కో క్లాసుకి మూడు తీసేవాణ్ణి. ఒకదాంట్లో ఎవరో ఒకరు కళ్ళు మూసేవారు. రాత్రి చీకటి గదిలో ఫిల్ము కడిగి, ఆరాక చూసుకునే దాకా నిద్ర పట్టేది కాదు.

కెమిస్ట్రీ వాళ్ళ ఫోటో ఒకటి నేను మరిచిపోలేను. 1979. కుర్చీలు, బెంచీలు మోసుకొచ్చింది లాబ్ అటెండర్. బ్యూరెట్ పగిలితే పిల్లలు ముందు చెప్పుకునేది ఆయనకే. ఏటా కుర్చీలు సర్ది పక్కకు తప్పుకునే మనిషి. ఆ ఏడు ఒక కుర్రాడు, ‘రండి బాబాయ్, మీరు లేకుండా ఏం ఫోటో!’ అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆయన గబగబా భుజం మీద తువ్వాలు తీసి, మడిచి, చొక్కా లోపల దాచుకున్నారు. వెనక వరస, కుడి చివర నిలబడ్డారు.

తరవాత క్లాసు వాళ్ళు పేర్ల జాబితా ఇచ్చారు. ఇచ్చింది ఇచ్చినట్టు అచ్చు వేయించాను. మొహాలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టి ఉంటే ఒక పేరు తక్కువ వచ్చేది.

కిందటేడు ఒక అబ్బాయి వచ్చాడు. ‘మా తాతగారు కెమిస్ట్రీలో అటెండరండీ. ఎవరో పిల్లలు నన్నూ ఫోటోలో నిలబెట్టారని చెప్పేవారు. ఏ సంవత్సరమో తెలీదు. వయసులో ఉన్నప్పటి ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు’ అన్నాడు. నా దగ్గర నెగెటివ్‌ల కవర్లున్నాయి. వాల్తేరు ఉప్పుగాలికి కొన్ని బూజు పట్టి పోయాయి. మిగిలినవి రెండు రోజులు ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూశాం. ఏ అట్ట మీదా ఆ పేరు లేదు కదా, ఎలా పట్టుకోవడం? చివరికి ఒకదాంట్లో, వెనక వరస, కుడి చివర, చొక్కా పొట్ట దగ్గర ఉబ్బెత్తుగా కనపడింది. తువ్వాలు. ఆ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు.

ప్రింట్ వేసి, వెనక పెన్సిల్‌తో ఆయన పేరు రాసి ఇచ్చాను. ఆ పని 1979లోనే చేసి ఉండాల్సింది.

అందుకే మిమ్మల్ని ఒక్కటి అడుగుతున్నాను. మీ పాత గ్రూప్ ఫోటో కిందకు దించండి. కింద పేర్లున్నా సరే, మొహాలు లెక్కపెట్టండి. తేడా వస్తే, గుర్తున్నవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కుని రాయండి. మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ వద్దు, దాని గీత ముందు వైపు తేలుతుంది. అట్ట ఉంటే అట్ట వెనక రాయండి. కలర్ ఫోటోల నున్నటి కాగితం మీద పెన్సిల్ పడదు, వాటికి విడిగా చీటీ రాసి కవర్లో పెట్టండి. వరస, ఎడమ నుంచి ఎన్నోవారు, పేరు. మీ క్లాసులో పెద్దవాళ్ళు ఇంకా ఉన్నప్పుడే అడగండి.

నమస్కారం.