కెరటం ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు

నమస్కారం. బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ ఒడ్డున మన తెలుగు మత్స్యకారులు పడవను సముద్రంలోకి దించే తీరును కాసేపు నిలబడి చూడండి. అణియాన్ని, అంటే పడవ ముందు కొసను, కెరటానికి ఎదురుగా నిలిపి, రెండు మూడు కెరటాలను పోనిచ్చి, ఎడం దొరికిందని తోచిన క్షణంలోనే అందరూ కలిసి తోస్తారు. వారు ఎత్తుతో పాటు కెరటానికీ కెరటానికీ మధ్య వ్యవధిని కూడా కనిపెడతారు. పెద్ద ఓడల రూపకర్తలకూ ఆ వ్యవధే కీలకం.

లోతైన నీటిలో ఆ వ్యవధిని సెకన్లలో తీసుకొని, దాని వర్గాన్ని 1.56తో గుణిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. 8 సెకన్ల అల సుమారు 100 మీటర్లు, 14 సెకన్ల అల సుమారు 306 మీటర్లు ఉంటుంది. ఇంత పొడవైన అల మీద చిన్న పడవ మెల్లగా మిట్ట ఎక్కి దిగినట్టు సాగిపోతుంది. అదే 300 మీటర్ల ఓడ అయితే, అల శిఖరం సరిగ్గా నడుముకు చేరినప్పుడు రెండు కొసల కింద నీటి ఆసరా తగ్గి, భుజం మీది కావడిబద్దలా వంగుతుంది. అప్పుడు పైడెక్కు సాగుతుంది, అడుగు రేకులు నొక్కుకుపోతాయి. ఏడు సెకన్లలో పల్లం నడుము కిందికి వస్తే, అదే ఓడ నులక మంచంలా మధ్యలో దిగుతుంది. ఏళ్ల తరబడి ఉక్కు ఈ రెండింటినీ ఓర్చుకోవాలి.

2013 జూన్ 17న, యెమెన్ తీరానికి దూరంగా హిందూ మహాసముద్రంలో, 316 మీటర్ల ఎమ్‌ఓఎల్ కంఫర్ట్ అనే కంటైనర్ ఓడ నడుము దగ్గర విరిగి రెండు ముక్కలైంది. సిబ్బంది 26 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. కావడిలా వంగిన వేళ అడుగు రేకులు నలగడం నుంచే ఆ విరగడం మొదలైందని దర్యాప్తు తేల్చింది. అప్పటికి ఆ ఓడ వయసు అయిదేళ్లే.

ఈ భారాన్ని ముందే అంచనా వేయడానికి ఓడను సొరకాయ చక్రాల్లా అడ్డంగా ముక్కలుగా ఊహించి, ఒక్కో ముక్క మీద నీటి ఒత్తిడిని లెక్కగట్టి, అన్నింటినీ కూడుతారు. ఓడ పక్కలకు ఊగడాన్ని 1861లోనే విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు గణితంలోకి తెచ్చాడు; ఓడ ఊగే సహజ వ్యవధీ అలల వ్యవధీ ఒకటైతే, మామూలు ఎత్తున్న అలలకే ఊపు ప్రమాదకరంగా పెరుగుతుందని ఆయన చూపాడు. అసలు సముద్రంలో అలలన్నీ ఒకే కొలతలో రావు కాబట్టి, 1953లో సెయింట్ డెనిస్, పియర్సన్ అనే ఇద్దరు వాటిని అనేక చిన్న అలల మొత్తంగా తీసుకొని, సంభావ్యత ద్వారా ఓడ కదలికను అంచనా వేసే దారి వేశారు.

ఓడకు తగిలే వ్యవధి అలలది మాత్రమే కాదు. ఎదురుగా వెళితే కెరటాలు త్వరత్వరగా, వాటితో పాటు వెళితే ఆలస్యంగా తగులుతాయి. అందుకే తుఫానులో అనుభవజ్ఞుడైన కెప్టెన్ వేగం తగ్గించి, దిశను కొన్ని డిగ్రీలు మార్చి, ఆ లయ ఓడ సొంత లయతో కలవకుండా చూసుకుంటాడు.